ఎదుగుదల ఆలస్యమైన పసిబిడ్డలు – ఫోను ద్వారా ఇంటికి వచ్చు శిక్షణ
స్త్రీల సమాజ కూటములో చేసిన ప్రసంగ పాఠము



బిడ్డకు అయిదు నెలలు నిండినను మెడ నిలువకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చుండకపోయినా, ఏడాది దాటినను పేరు పెట్టి పిలిచినప్పుడు తిరిగి చూడకపోయినా మన ఊళ్లలో వినబడు మాట ఒక్కటే: "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే నడక వచ్చింది, కంగారు పడకమ్మా." ప్రేమతో చెప్పు మాటే. కాని దాని వలన విలువైన నెలలు పోవుచున్నవి. మెదడు మిక్కిలి వేగముగా ఎదుగునది మొదటి మూడేండ్లలోనే గదా!

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించి, లోపము కనబడినవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రమునకు పంపు ఏర్పాటు కలదు. అయితే పరీక్ష ఒక దినపు పని. శిక్షణ ప్రతి దినము జరుగవలసినది. లంక గ్రామపు తల్లి చంటిబిడ్డను చంక నెత్తుకొని, రేవు దాటి, రెండు బస్సులు మారి, మాటిమాటికి పట్టణమునకు పోవుట ఎట్లు? ఆనాటి కూలి కూడ పోవును. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు అనేక లంకలకు రాకపోకలే నిలిచిపోయినవి.

అందుచేత వీడియో కాల్ ద్వారా ఇచ్చు శిక్షణ మన డెల్టాకు మరి ఎక్కువగా అక్కరకు వచ్చును. 2020లో కరోనా వలన కేంద్రములు మూతపడినప్పుడు ఇది పలుచోట్ల వాడుకలోనికి వచ్చినది. ఆలోచన మాత్రము పాతదే. 1969లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి పోర్టేజ్ అను చిన్న పట్టణము నుండి ఉపాధ్యాయులే పల్లె యిండ్లకు వెళ్లి తల్లులకు నేర్పు పద్ధతి మొదలైనది. ఆ ఉపాధ్యాయిని ఇప్పుడు ఫోనులో వచ్చుచున్నది, అంతే.

తల్లి ఫోనును బియ్యపు డబ్బాకు ఆనించి చాప మీద కూర్చుండును. నిపుణురాలు బిడ్డను ముట్టదు. తల్లి చేతులకే పని నేర్పును. బిడ్డను బోర్ల పరుండబెట్టి, ఛాతీ క్రింద చుట్టిన దుప్పటి ఉంచి, ఎదుట గిన్నె మీద గరిటెతో చప్పుడు చేయుమనును. తల ఎత్తునా? ఎంతసేపు నిలుపును? నీళ్లు పోయునప్పుడు, అన్నము పెట్టునప్పుడు ఏమేమి మాటలాడవలెను? అరగంట పాఠము, వారమంతయు సాధన. ఫోను తల్లికే గాని బిడ్డకు కాదు. బొమ్మలు చూపించి ముద్ద పెట్టుట శిక్షణ యనుకొనువారున్నారు! ఏడాది లోపు బిడ్డకు తెర అసలే కూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది.

అన్నియు ఫోనులో తీరవు. వినికిడిని యంత్రముతోనే పరీక్షింపవలెను. కండరముల బిగువు చేతితో తాకి చూడవలెను. మూర్ఛ వచ్చిన యెడల ఆసుపత్రికే పోవలెను.

ఇక మన వంతు. అనేక గృహములలో మంచి ఫోను ఒక్కటే. అది తెల్లవారగానే తండ్రితో రొయ్యల చెరువుకో కొబ్బరితోటకో పోవును. పొరుగువారు అరగంట తమ ఫోను ఇచ్చినను, పెద్దపిల్లవానిని కాసేపు చూచినను ఆ తల్లి పాఠము తప్పదు. గ్రహణము నాడు బయటికి వచ్చితివా, ఎవరి పాపమిది అని ఆమెను అడుగకుడి. సిగ్నలు బాగుగా అందు నిశ్శబ్దమైన గది ఎవరి యింట ఉన్నదో, ఏ దినము ఇయ్యగలరో, కూటము ముగిసిన వెంటనే మాతో చెప్పుడని మనవి.