ల్యాబ్ తలుపు తీయించండి
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1985 పదో తరగతి బ్యాచ్. ఇంజనీరింగ్ కాలేజీని చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం చూసుకోవాలో చెప్పమని సంఘం వారు అడిగారు. ఆ విషయంలో ఒకసారి పొరపాటు చేసినవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను.

1987లో ఎంసెట్ రాసి సీటు తెచ్చుకున్నప్పుడు మా నాన్నగారు నాట్ల పనుల్లో ఉన్నారు. మన లెక్కల మాస్టారే నాతో బస్సెక్కారు. నేను ఆఫీసులో ఫారం నింపుతుంటే ఆయన లైబ్రరీలోకి వెళ్లి, నాలుగు పుస్తకాలు తీసి, చివరి అట్టకు అంటించిన చీటీలు చూశారు. వాటి మీద ఆ నెల తేదీల ముద్రలున్నాయి. "ఇక్కడ చదివే పిల్లలున్నార్రా, చేరిపో" అన్నారు. మాస్టారు ఇప్పుడు ముందు వరసలోనే కూర్చున్నారు.

చదువయ్యాక నా ఉద్యోగం పైపుల వెల్డింగ్ తనిఖీ. రంగు వేసేశాక చూపిస్తే నేను సంతకం పెట్టను. అతుకు కనబడుతుండగానే చూడాలి. అలాంటి నేను మా అబ్బాయిని మెకానికల్‌లో చేర్చడానికి వెళ్లి ఏం చూశాను? పెద్ద గేటు, అద్దాల మేడ, ఏసీ గదిలో వీడియో. అదీ ఆదివారం నాడు. "ఈ రోజు కట్టకపోతే సీటు ఉండదు" అనగానే చెక్కు రాసిచ్చాను. ఆ నాలుగేళ్లలో ఇంజన్ల ల్యాబ్ తాళం ఎన్నిసార్లు తీశారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రికార్డులు సీనియర్లవి చూసి రాసుకున్నారు. ఉద్యోగంలో చేరాక వాడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అమ్మాయి వంతు వచ్చేసరికి మాస్టారి దారికే వచ్చాను. అప్పుడు మేం చేసినవి చెబుతాను.

వెళ్లేముందు ఇంట్లోనే కాగితాలు చూసుకున్నాం. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఏ బ్రాంచికి ఆ బ్రాంచికే. కాబట్టి మీ పిల్లలు చేరబోయే బ్రాంచికి అది ఉందా, గడువు ఎప్పటిదాకా అని చూడండి. ఏఐసీటీఈ ప్రమాణం ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. వెబ్‌సైట్‌లో పెట్టిన అధ్యాపకుల జాబితా ప్రింటు తీసి వెంట తీసుకెళ్లండి. ఆ పేర్లలో ఎవరు నిజంగా పాఠం చెబుతున్నారో పిల్లలే చెబుతారు.

క్లాసులు జరిగే రోజున వెళ్లండి. ల్యాబ్ తలుపు తీయించండి. మూడో ఏడాది విద్యార్థి రికార్డు పుస్తకం అడిగి చూడండి. క్యాంటీన్‌లో పిల్లల్ని "కాలేజీ ఎలా ఉంది?" అని అడిగితే "బాగుందంకుల్" అంటారు. "నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి?" అని అడగండి. హాస్టల్లో చేర్చేటట్లయితే భోజనాల వేళకు మెస్‌లో కూర్చొని తినండి, బాత్‌రూములు చూడండి.

హోర్డింగు మీద ఉద్యోగాల లెక్క చూసి మురిసిపోవద్దు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కవేసేవాళ్లు ఉన్నారు. మీ బ్రాంచిలో చదువు పూర్తిచేసింది ఎందరు, ఉద్యోగంలో చేరింది ఎందరు, జీతం ఎంత? ఈ మూడూ అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, ఓ అరగంట పిల్లల్ని ఒంటరిగా తిరగనివ్వండి. మా అమ్మాయి అలా తిరిగొచ్చి, నాకు నచ్చిన కాలేజీని వద్దంది. సాయంత్రం ఆరింటికే లైబ్రరీ మూసేస్తారట! నేను అడగని సంగతి అది. ఆ రోజు డబ్బు కట్టకుండా ఇంటికొచ్చి, చూసినవన్నీ కాగితం మీద రాసుకొని, ఆ వరసలోనే వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నాం.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈ బడి పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులకు కాలేజీలో ఏం అడగాలో తెలియదు. కూలి మానుకొని వెళ్లే వీలూ ఉండదు. మనం ఒక్కొక్కరం ఏడాదికి ఒక్క రోజు వాళ్ల వెంట వెళ్దాం. ఆ జాబితాలో మొదట నా పేరు రాసుకోండి. మాస్టారు ఆ రోజు నాకోసం బస్సెక్కిన బాకీ కొంతయినా తీర్చుకుంటాను.