పాల లెక్కకు రెండో చోటు

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యాలయపు ఫైళ్లను అందరూ వాడుకొనేలా ఒకచోట ఉంచడం, అవి పోకుండా కాపాడుకోవడం - ఇదీ నాకు అప్పగించిన విషయం. దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో వినవచ్చునని వచ్చినవారికి ఇది కంప్యూటరు మనుషుల గొడవగా తోచవచ్చు. కాని ఆ ఫైళ్లలో ఉన్నది మీ పాలే. ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, దాణా బాకీ ఎంత అన్నదంతా అక్కడే ఉన్నది.

నేను ఒకప్పుడు కార్యదర్శిగా పనిచేసిన సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. సభ్యులు 180 మంది. ఒక వానాకాలం రాత్రి పిడుగు పడింది. తెల్లవారి చూస్తే కంప్యూటరు పనిచేయలేదు. బ్యాకప్ డిస్కును ఎప్పుడూ దానికే తగిలించి ఉంచేవాడిని, అదీ పోయింది. పాత బిల్లుల కాగితాలు ఉన్నాయి గాని, ఆ పదిహేను రోజుల లెక్క మాత్రం లేదు. సభ్యుల దగ్గర పాల చీటీలు తెప్పించి, ఐదు రాత్రులు కూర్చొని 5,400 పద్దులు మళ్లీ ఎక్కించాము. ఒక పెద్దమ్మ తన చీటీలను కొంగున ముడివేసి తెచ్చింది. తడిసి, వెలిసిపోయి వాటిపై అంకెలు కనబడలేదు. "నా రెండు గేదెలు ఎంత ఇచ్చాయో నాకు తెలియదా నాయనా, రాసుకో" అన్నది. రాసుకున్నాము. పక్కనున్న సభ్యుడు "అయితే నేను చెప్పినట్లు కూడా రాయండి" అన్నాడు. అతనికి సమాధానం చెప్పలేకపోయాను. బ్యాకప్ బాధ్యత నాదే కనుక తప్పూ నాదే.

ఎవరికి ఏది అవసరం?

ముందు లెక్క చూద్దాం. 180 మంది రెండు పూటలా ఏడాది పొడవునా పాలు పోస్తే 1,31,400 పద్దులు. ఒక్కొక్కటి వంద అక్షరాలనుకున్నా మొత్తం 13 ఎం.బి. మాత్రమే. పదివేల కాగితాలు స్కాన్ చేసి, పేజీకి ఒక ఎం.బి. చొప్పున వేసుకున్నా 10 జి.బి. దాటదు. కావున దుకాణదారు 16 టి.బి. పెట్టె చూపించగానే తొందరపడవద్దు. చోటు తినేది సి.సి. కెమెరాల వీడియో. దానిని లెక్కల ఫైళ్లతో కలపకుండా వేరే రికార్డరులో ఉంచండి.

ఒకే కంప్యూటరు ఉన్న గ్రామ సంఘానికి నెట్‌వర్క్ స్టోరేజి పెట్టె అక్కరలేదు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు చాలు. అయిదారు కంప్యూటర్లు ఉన్న శీతలీకరణ కేంద్రానికి, యూనియన్ కార్యాలయానికి ఆ పెట్టె నిజంగా ఉపయోగం. దుకాణాలలో దీనిని 'నాస్' అంటారు. కేబుల్‌తో కార్యాలయపు నెట్‌వర్కుకు కలిపితే, పెన్‌డ్రైవు పట్టుకొని బల్ల నుంచి బల్లకు తిరిగే పని తప్పుతుంది. ఎవరు ఏ ఫైలు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్నది పేరు పేరునా నిర్ణయించవచ్చు. పాల రేట్ల పట్టికను అందరూ చూడవచ్చు గాని దిద్దే అధికారం ఒకరిద్దరికే ఉండాలి.

కొనేటప్పుడు నాలుగు సంగతులు గమనించండి. మామూలు కార్యాలయానికి రెండు డిస్కులు పట్టే పెట్టె చాలు. డిస్కులు 'నాస్' కోసం చేసినవే తీసుకొని, అవి సి.ఎం.ఆర్. రకమా అని అడగండి. ఫైలు పాత రూపాలను దాచి ఉంచే 'స్నాప్‌షాట్' సౌకర్యం ఉండాలి. పొరపాటున చెరిపిన ఫైలు నిన్నటి రూపంలో తిరిగి దొరుకుతుంది. నెట్‌వర్క్ స్విచ్చి గిగాబిట్‌ది అయితే సెకనుకు సుమారు 100 ఎం.బి. నడుస్తుంది, పాత 100 మెగాబిట్ స్విచ్చి అయితే 12 ఎం.బి. దాటదు. వీటితోపాటు యు.పి.ఎస్. తప్పనిసరి. రాసే వేళ కరెంటు పోతే ఫైళ్లు చెడే ప్రమాదమున్నది.

రెండు డిస్కులు ఉంటే చాలదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. నాలుగేసి టి.బి.ల డిస్కులు రెండు పెట్టి, ఒకదానికి మరొకటి ప్రతిబింబంగా నడిపితే చేతికి వచ్చే చోటు 4 టి.బి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఇలా డిస్కులను జతచేసే పద్ధతులకు 'రెయిడ్' అని పేరు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రజ్ఞులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రచురించిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. మంచి పద్ధతే, కాని ఇది బ్యాకప్ కాదు.

మీ ఇళ్లలో తోడుకు పెరుగు దాస్తారు. రెండు గిన్నెల్లో దాచినా, రెండూ ఒకే ఉట్టిలో ఉంటే పిల్లికి రెండూ దొరుకుతాయి. పొరుగింట్లో ఒక గిన్నె ఉంటేనే మర్నాడు పాలు తోడుకుంటాయి. పెట్టెలోని రెండు డిస్కులూ ఒకే ఉట్టిలోని గిన్నెలు. ఒకదానిలో ఫైలు చెరిపితే రెండోదానిలోనూ అప్పుడే చెరిగిపోతుంది. పిడుగు, దొంగ, నిప్పు వస్తే రెండూ కలిసే పోతాయి.

ఇంకొక దొంగ తీగ వెంట వస్తాడు. 2017 మే నెలలో 'వాన్నాక్రై' అనే రాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాలలో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 2022 జనవరిలో 'డెడ్‌బోల్ట్' అనేది ఇంటర్‌నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ స్టోరేజి పెట్టెల మీదనే పడింది. కావున పెట్టెను నేరుగా ఇంటర్‌నెట్‌కు తెరవవద్దు. సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు కొత్తది చేయించండి. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డును ఆ రోజే మార్చండి.

చేయవలసిన పని

మూడు ప్రతులు ఉండాలి: పని చేసేది ఒకటి, దానికి నకళ్లు రెండు. ఆ నకళ్లలో ఒకటి వేరే ఊళ్లోనో, కనీసం వేరే భవనంలోనో ఉండాలి. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు వారం వారం మార్చి వాడండి. నకలు తీయగానే డిస్కును విప్పి బయటికి పంపండి. తగిలించే ఉంచితే నాకు జరిగినదే మీకూ జరుగుతుంది. బయటి సర్వరుకు పంపే ఏర్పాటూ మంచిదే. 10 మెగాబిట్ వేగంతో 100 జి.బి. పంపడానికి సుమారు 22 గంటలు పడుతుంది. తరువాత మారినవి మాత్రమే పోతాయి. లెక్కల ప్రోగ్రాం తెరిచి ఉండగా దాని ఫైళ్లను ఊరికే కాపీ చేస్తే ఆ నకలు పనికిరాకపోవచ్చు. ప్రోగ్రాంలోని బ్యాకప్ పద్ధతినే వాడండి.

అన్నింటికంటే ముఖ్యం, నెలకొకసారి ఆ నకలును మరొక కంప్యూటరులో తెరిచి, ఒక సభ్యుని బిల్లు తీసి పాత బిల్లుతో సరిచూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మడం, పరీక్షించని పాలను ట్యాంకులో పోయడం ఒకటే. సరిచూసిన తేదీని పుస్తకంలో రాసి సంతకం చేయండి.

సభ్యులకు ఒక మనవి. ఈసారి సర్వసభ్య సమావేశంలో బోనసు గురించి అడిగేటప్పుడు మరి రెండు ప్రశ్నలు కూడా అడగండి: "మా లెక్కల రెండో ప్రతి ఎక్కడ ఉన్నది? దానిని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?" కార్యదర్శి నొచ్చుకోనక్కరలేదు. నన్ను ఆనాడు ఎవరైనా అలా అడిగి ఉంటే, ఆ పెద్దమ్మ తడిసిన చీటీలు పట్టుకొని నా ముందు నిలబడవలసి వచ్చేది కాదు.