రెండు నెట్‌వర్కుల నడుమ ఒక కంప్యూటరు
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు తొలిసారి సభ తీర్చిన నాడు పల్లె గ్రంథాలయమునకు కావలసిన సామగ్రి స్వల్పము. ఒక గది, ఒక బీరువా, ఒక చాప, ఒక దీపము, ఒక చిట్టా పుస్తకము ఉన్న చాలును. నేడు ఆ జాబితాలో కంప్యూటరు కూడ చేరినది. బీరువా తలుపు బిగిసినచో వడ్రంగిని పిలుతురు. దీపము ఆరినచో చమురు పోయుదురు. కంప్యూటరు మొరాయించినచో మాత్రము చదువుకొన్నవారు సైతము దిగులు చెందుదురు. అందలి దోషము కంటికి కనబడకపోవుటయే దీనికి కారణము. అట్టి దోషములలో మిక్కిలి తికమక పెట్టునది, ఒకే కంప్యూటరును రెండు వేర్వేరు నెట్‌వర్కులకు తగిలించినప్పుడు పుట్టు చిక్కు. ఆ చిక్కును విడదీయు మార్గమే నేటి ప్రసంగ విషయము.

దృష్టాంతముగా ఒక పల్లె గ్రంథాలయమును తలచుకొనుడు. అచ్చట పుస్తకముల పట్టికయు, ఎరువిచ్చిన పుస్తకముల లెక్కయు లోపలి గదిలోని యొక యంత్రమునందు భద్రపరచిరి. ఆ యంత్రమును, గ్రంథపాలకుని బల్లమీది కంప్యూటరును ఒక చిన్న రౌటరు ద్వారా తీగతో కలిపిరి. ఈ రౌటరుకు బయటి లోకముతో సంబంధము లేదు. కొంతకాలమునకు దాతయొకరు ఇంటర్నెట్టు ఏర్పాటు చేయించిరి. అది వేరొక రౌటరు. దానితో బల్లమీది కంప్యూటరుకు వైఫై సంబంధము. రెండును ఒకేసారి కలిపిన నాటినుండి పుస్తకముల లెక్క చక్కగా తెరచుకొనుచుండెను గాని ఇంటర్నెట్టు నిలిచిపోయెను. తీగను ఊడదీసినచో ఇంటర్నెట్టు వచ్చును, లెక్క పోవును. రెంటికి చెడ్డ రేవడి యన్న సామెత గుర్తునకు వచ్చు స్థితి.

విద్యార్థులకు పరీక్షల దరఖాస్తుల గడువు సమీపించుచుండెను. గ్రంథపాలకుడు చేయునది లేక ప్రతిదినము తీగను ఊడదీసి వారి దరఖాస్తులు పంపించి, ఆ వేళ వచ్చిపోయిన పుస్తకములను చీటీలమీద వ్రాసికొనుచుండెను. చీటీలలో కొన్ని జారిపోయినవి. ఒకనాడు ఒక బాలుని పేర పుస్తకమొకటి తిరిగి రానట్లు లెక్క చూపెను. “అయ్యా, శనివారమునాడే తెచ్చి మీ చేతికిచ్చితిని గదా!” యని బాలుడు కన్నీరు పెట్టుకొనెను. రెండు దినముల తరువాత ఆ పుస్తకము బీరువాలోనే కనబడెను. “బాబూ, తప్పు నీది కాదు, లెక్కది” అని గ్రంథపాలకుడు వాని భుజము తట్టెను. ఆ సాయంకాలమే తీగను ఊడదీయు పని ఇక చేయరాదని నిశ్చయించుకొనెను. గ్రంథాలయమునకు లెక్కయే నమ్మకము. ఆ నమ్మకమునకు హాని కలిగినచో పుస్తకములెన్ని యున్నను ప్రయోజనము లేదు.

ఒక మిత్రుడు యంత్రమును పూర్తిగా తుడిచివేసి సర్వము మరల ఎక్కింపుమని సలహా నిచ్చెను. ఇది ఇంటిలో దారి తెలియలేదని ఇల్లు పడగొట్టుట వంటిది. యంత్రము చెడలేదు. దానికి దారి మాత్రమే తెలియలేదు.

దారి అనగా ఏమో తెలిసికొనుటకు తపాలా శాఖ యొక్క దృష్టాంతము చాలును. 1972 ఆగస్టు 15వ తేదీన మన దేశమున పిన్‌కోడు అమలులోనికి వచ్చెను. ఆరంకెలలో మొదటి అంకె మండలమును, తరువాతి అంకెలు క్రమముగా చిన్న ప్రాంతములను, చివరి మూడంకెలు బట్వాడా చేయు తపాలా కచేరిని తెలుపును. కంప్యూటరు పంపు ప్రతి సమాచారపు పొట్లము మీదను అట్లే ఐపి చిరునామా యుండును. 1981లో ప్రకటితమైన ప్రమాణము ననుసరించి ఇది నాలుగు భాగముల సంఖ్య. 192.168.1.10 అనునది ఒక ఉదాహరణము. చిన్న నెట్‌వర్కులలో సాధారణముగా మొదటి మూడు భాగములు ఊరి పేరు వంటివి, నాలుగవది ఇంటి నంబరు వంటిది.

ప్రతి కంప్యూటరునందును ఒక దారుల పట్టిక యుండును. పొట్లము మీది చిరునామాతో మొదటినుండి ఎక్కువ మేర సరిపోలిన పంక్తి ఏదో యంత్రము దానినే యెన్నుకొనును. ఏ పంక్తియు సరిపోలనప్పుడు, తెలియని ఉత్తరములనన్నిటిని పెద్ద కచేరికి అప్పగించినట్లు, వానిని డిఫాల్ట్ గేట్‌వే యను ద్వారమునకు పంపును. పట్టికలో దీనిని 0.0.0.0 అను గుర్తుతో వ్రాయుదురు. ఇట్టి ద్వారములు రెండున్నచో ‘మెట్రిక్’ అను అంకె ఏది చిన్నదో ఆ దారినే యంత్రము పట్టును. విండోస్ సాధారణముగా వేగము గల సంబంధమునకు చిన్న అంకె నిచ్చును. వైఫై కంటె తీగ వేగవంతమైనచో పొట్లములు తీగదారినే పోవును. ఆ దారి చివర గోడయున్నదో వీధియున్నదో యంత్రము విచారింపదు.

ఇట్లు ఒకటికంటె ఎక్కువ నెట్‌వర్కులలో కాలుమోపిన యంత్రములను గూర్చి 1989 అక్టోబరున వెలువడిన ‘ఆర్.ఎఫ్.సి. 1122’ అను ప్రమాణపత్రము ప్రత్యేకముగా చర్చించినది. కనుక ఈ చిక్కు నూతనమైనది కాదు. పరిహారమును నూతనముగా కనిపెట్టనక్కరలేదు.

గ్రంథపాలకుడు ఒక కాగితము తీసికొని క్రమముగా పరీక్ష ఆరంభించెను. మొదట తీగ మాత్రముంచి చూచెను, లెక్క తెరచుకొనెను. తరువాత వైఫై మాత్రముంచి చూచెను, ఇంటర్నెట్టు వచ్చెను. దీనివలన రెండు సంబంధములును విడివిడిగా ఆరోగ్యముగనే యున్నవని తేలెను. దోషము కలయికలో నున్నది. ఈ మొదటి మెట్టును దాటివేయువారు తరచుగా మంచి తీగను మార్చి, మంచి రౌటరును పారవేయుదురు.

రెండవ మెట్టున రెండింటిని కలిపి, ‘ఐపికాన్ఫిగ్’ అను ఆజ్ఞ యిచ్చి చిరునామాలను వ్రాసికొనెను. ఈ పరీక్షలో 169.254 అను అంకెలతో ఆరంభమగు చిరునామా కనబడినచో, చిరునామాలను పంచిపెట్టు రౌటరు జవాబీయలేదని సాధారణముగా గ్రహింపవలెను. అచ్చట అట్టిది లేదు గాని వింతయొకటి కనబడెను. తీగకును 192.168.1 వరుస చిరునామాయే, వైఫైకిని అదియే. రెండు రౌటర్లును 192.168.1.1 అను పేరే పెట్టుకొన్నవి.

కొత్తపల్లి యను పేరుగల యూళ్లు తెలుగునాట అనేకములు. జిల్లా పేరు లేక “కొత్తపల్లి, 1వ ఇల్లు” అని వ్రాసిన ఉత్తరము ఏ కొత్తపల్లికి పోవును? 1996లో వెలువడిన ‘ఆర్.ఎఫ్.సి. 1918’ ననుసరించి 10తోను, 192.168తోను ఆరంభమగు వరుసలును, 172.16 మొదలు 172.31 వరకు గల వరుసలును ఎవరైనను తమ ఇంటిలో వాడుకొనవచ్చును. ఆ స్వేచ్ఛవలననే అనేక రౌటర్లు తయారగునప్పుడే ఒకే వరుసను ధరించి వచ్చును. అవి వేర్వేరు ఇండ్లలో నున్నంతవరకు బాధలేదు. ఒకే యంత్రము రెండింటిని తాకినప్పుడు మాత్రమే తగవు.

గ్రంథపాలకుడు లోపలి రౌటరు వరుసను 192.168.50గా మార్చి, లెక్కల యంత్రమునకు 192.168.50.10 అను స్థిరమైన చిరునామా నిచ్చి, బల్లమీది కంప్యూటరునందు ఆ క్రొత్త చిరునామాను నమోదు చేసెను. లెక్క మరల తెరచుకొనెను. ఇంటర్నెట్టు మాత్రము రాలేదు.

ఇచ్చటనే పలువురు పొరబడుదురు. “చేసిన మార్పు ఫలింపలేదు, పూర్వమువలెనే పెట్టుడు” అని మిత్రుడు పలికెను. కాని రెండు దోషములు ఒకదానిపై నొకటి కూర్చున్నప్పుడు ఒకదానిని తొలగించినను ఫలితము కనబడదు. పైది తీసినగాని క్రిందిది కంటబడదు. చేసిన మార్పు సరియైనదని కారణముచేత తేలినచో దానిని నిలుపుకొని ముందునకు పోవలెను.

మూడవ మెట్టున ‘రూట్ ప్రింట్’ అను ఆజ్ఞతో దారుల పట్టికను చూచెను. 0.0.0.0 గుర్తుతో రెండు పంక్తులుండెను. ఒకటి 192.168.50.1కును, రెండవది 192.168.1.1కును దారి చూపుచుండెను. మొదటి దాని మెట్రిక్ చిన్నది. రహస్యము బయటపడెను. బయటకు దారిలేని లోపలి రౌటరు తానే ద్వారమని చాటుకొనుచుండగా, యంత్రము దాని మాట నమ్మి పొట్లములనన్నిటిని అచ్చటికే పంపుచుండెను.

పరిహారము సులభము. తీగ సంబంధమునకు చిరునామాను చేతితో 192.168.50.20 అనియు, మాస్కును 255.255.255.0 అనియు వ్రాసి, గేట్‌వే గడిని ఖాళీగా విడిచెను. ఆ అంకె రౌటరు ఇతరులకు పంచు చిరునామాలలో చేరకుండ ముందే చూచుకొనెను. తన వరుసలోని యంత్రములను చేరుటకు గేట్‌వేతో పనిలేదు. పక్కింటికి ఉత్తరమిచ్చుటకు తపాలా కచేరికి పోనక్కరలేదు గదా! వెంటనే లెక్కయు ఇంటర్నెట్టును రెండును కలిసి నడచెను. ‘ట్రేసర్ట్’ అను ఆజ్ఞతో బయటి చిరునామా నొకదానిని పరీక్షింపగా మొదటి మజిలీగా 192.168.1.1 కనబడెను. దారి సరియైనదనుటకు అదియే సాక్ష్యము. ఆ సాయంకాలము దరఖాస్తులు పోవుచుండగనే, అదే బల్లయొద్ద పుస్తకముల రాకపోకలు లెక్కకెక్కెను.

మరి మూడు సూచనలు అవసరము. మొదటిది: లోపలి రౌటరు వెనుక మరియొక వరుస యున్నచో గేట్‌వేను ఖాళీగా విడుచుట మాత్రము చాలదు, ఆ వరుసకు మాత్రమే చెందు దారిని పట్టికలో స్థిరముగా చేర్చవలెను. రెండవది: 1983లో మైక్ మూస్ రచించిన ‘పింగ్’ అను సాధనముతో అంకెల చిరునామా పలికి, పేరు పలుకనిచో, దోషము దారిది కాకపోవచ్చును, పేరును అంకెగా మార్చు డిఎన్‌ఎస్ వ్యవస్థను పరీక్షింపవలెను. లోపలి యంత్రము పేరు బయటి డిఎన్‌ఎస్‌కు తెలియదు. బయటి పేర్లు లోపలివారికి తెలియవు. పింగ్‌కు జవాబు రానంతమాత్రమున యంత్రము లేదనియు తలపరాదు. కొన్ని ఫైర్‌వాల్‌లు ఆ పలుకరింపును అడ్డగించును.

మూడవ సూచన ముఖ్యమైనది. రెండు నెట్‌వర్కులను తాకు యంత్రము వాకిలి వంటిది. రోగకారక ప్రోగ్రాములు దాని ద్వారా లోపలికి ప్రవేశింపగలవు. కావున ఆ రెండింటిని ‘బ్రిడ్జి’ చేసి ఒకటిగా కలుపరాదు. లెక్క ప్రతిని వారమునకొకసారియైనను వేరుగా భద్రపరుపవలెను. ఏ కార్యాలయమందైనను లోపలి నెట్‌వర్కును బుద్ధిపూర్వకముగా వేరుచేసి యుంచినచో, అచ్చట అధికారుల అనుమతి లేనిదే రెండవ సంబంధమును తగిలింపరాదు. పనిచేయకుండుట ఒక్కొక్కప్పుడు దోషము కాదు, రక్షణము.

ఆ గ్రంథపాలకుడు వ్రాసికొన్న కాగితము తరువాత చిట్టా పుస్తకములో అంటింపబడెను. ఏ తీగ ఎచ్చటిది, ఏ చిరునామా ఎవరిది, ఏ మార్పు ఏ దినమున జరిగెను అను వివరములు అందున్నవి. అతని తరువాత వచ్చువానికి అదియే దారుల పట్టిక. విడదీసి చూచుట, ఒక్కసారి ఒక్కటే మార్చుట, మార్చినది వ్రాసియుంచుట: ఈ మూడు నియమములును యంత్రములకే గాక సంస్థలకును మేలు చేయును.

పుస్తకము చేతికిచ్చి తిరిగి తీసికొను చోట మనుష్యుని మాట నిలువవలెను. ఆ మాటను నిలుపుటకై యంత్రమును చక్కదిద్దుకొనుట నేటి గ్రంథాలయ సేవలో నొక భాగము. ఇరువదియైదేండ్ల సేవను పూర్తిచేసికొన్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును సైతము ఇట్టి నమ్మకముతోనే జరుపుకొనుగాక!