తుంటి విరిగితే ఆలస్యం వద్దు


మిరప కల్లంలోనో, స్నానాల గదిలోనో జారిపడిన నాయనమ్మ లేవలేకపోతోందా? కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తోందా? తుంటి విరిగి ఉండవచ్చు. నడిపించకండి, పడుకోబెట్టే తీసుకురండి.

“ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు కట్టు కట్టిద్దాం” అంటారు కొందరు. తుంటి ఎముక కండల లోతున ఉంటుంది. పైకట్టు దానిని పట్టి ఉంచలేదు. నెలల తరబడి మంచాన పడితే పడక పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తపు గడ్డలు ప్రాణం మీదికి తెస్తాయి.

ఆపరేషన్‌లోనూ ప్రమాదం లేకపోలేదు. అయినా 48 గంటల్లోపు చేస్తే మేలు. విరిగిన చోటును బట్టి రాడ్డో ప్లేటో వేస్తాము, లేదా కీలు బంతి మారుస్తాము. చాలామందిని మర్నాడే వాకరుతో నిలబెడతాము. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ప్రార్థన చేయండి, నిర్ణయం మాత్రం రేపటికి వాయిదా వేయకండి.