ముగ్గులోని లెక్క, బిడ్డలోని ప్రశ్న
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మన నివాసాలకు వాకిళ్లు లేవు. అయినప్పటికీ ధనుర్మాసం రాగానే అపార్ట్‌మెంటు తలుపు ముందు, ఉన్న కొద్దిపాటి స్థలంలోనే, మన స్త్రీలు చుక్కలు పెట్టి ముగ్గు వేస్తారు. ఆ ముగ్గునే ఆధారంగా చేసుకొని, కళనూ శాస్త్రాన్నీ కలిపి విద్యార్థులు స్వయంగా చేపట్టదగిన ప్రాజెక్టులను గురించి కొన్ని మాటలు విన్నవిస్తాను.

మన పిల్లలలో అనేకులు సీబీఎస్‌ఈ పద్ధతిలో చదువుతున్నారు. ఆ బోర్డు 2020లో 1 నుండి 10 వరకు గల తరగతులకు కళాసమన్విత ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. ఉద్దేశం ఉత్తమమైనదే. కాని ఆచరణలో ఏమి జరుగుతున్నదో మనందరికీ తెలుసు. అంశం బడి నిర్ణయిస్తుంది. బొమ్మలు తండ్రి ప్రింటు తీసుకొస్తాడు. తల్లి అర్ధరాత్రి దాకా కూర్చొని అట్టమీద అంటిస్తుంది. బిడ్డ చివరకు తన పేరు రాస్తాడు. మార్కులు వస్తాయి, ప్రశ్న మాత్రం పుట్టదు.

ఇప్పుడు మెలికల ముగ్గును చూడండి. మూడేసి చుక్కల చొప్పున నాలుగు వరుసలు పెట్టండి. చుక్కల నడుమ ఏటవాలుగా గీతను నడిపిస్తూ, అంచు వచ్చినచోట మాత్రమే మలుపు తిప్పండి. చేయి ఎత్తకుండానే ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి, మొదలుపెట్టిన చోటికే వస్తుంది. నాలుగేసి చుక్కలతో నాలుగు వరుసలు పెడితే ఒక గీత చాలదు, నాలుగు కావాలి. నాలుగేసి చుక్కలతో ఆరు వరుసలైతే రెండు గీతలు. ఎందుకిలా? చుక్కల సంఖ్యకూ వరుసల సంఖ్యకూ గల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ఆరో తరగతి పుస్తకంలో నిర్జీవంగా కనిపించే గ.సా.భా. అమ్మమ్మ వేళ్లలో ఎన్నేళ్లుగానో సజీవంగా ఉన్నది. అయితే ఈ సూత్రాన్ని మనం ముందుగా చెప్పివేస్తే ఆ బిడ్డకు దక్కవలసిన ఆనందాన్ని అపహరించినవారమవుతాం. వాడే గీయాలి, తప్పాలి, లెక్కపెట్టాలి, పట్టిక రాసుకోవాలి.

ఇది పిల్లల ఆట మాత్రమే కాదు. 1970ల దశకంలో మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు తమిళనాటి ముగ్గులను పరిశీలించి, కంప్యూటరు శాస్త్రంలోని వ్యాకరణాలతో వాటి నిర్మాణాన్ని వివరించారు. అంగోలాలోని చోక్వే ప్రజలు ఇసుకలో చుక్కలు పెట్టి గీసే చిత్రాలపై పౌలుస్ గెర్డెస్ అనే గణితవేత్త విస్తృతంగా పరిశోధించారు.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సర్ సి.వి. రామన్ కూడా ఈ మార్గంలోనే నడిచారు. మృదంగం తక్కిన డప్పులకు భిన్నంగా శ్రుతిబద్ధంగా ఎందుకు పలుకుతుందన్నది ఆయన ప్రశ్న. చర్మం నడుమనున్న నల్లని పూత బరువే అందుకు కారణమని 1920లోనే వివరించారు. తరువాత చర్మంపై సన్నని ఇసుక చల్లి, నాదం గీసే ఆకృతులను పరిశీలించారు. వినగలిగిన చెవి లేకుంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు. కొలవగలిగిన బుద్ధి లేకుంటే సమాధానం దొరికేది కాదు.

మన పిల్లలు ఇక్కడే అడగదగిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెడతారు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి నల్లరంగు తీస్తారు. పటికతో ఎరుపును నిలుపుతారు. అక్కడ గుడ్డను ఉతకడానికి స్వర్ణముఖి నీరు. ఇక్కడ మన కొళాయిలలో వచ్చేది ప్రధానంగా శుద్ధిచేసిన సముద్రజలం. నీరు మారితే రంగు మారుతుందా? సెలవులకు ఊరు వెళ్లినప్పుడు కాసిని కరక్కాయలు తెచ్చుకుంటే, ఈ ప్రశ్నకు సమాధానం వంటగదిలోనే వెతకవచ్చు.

జేఈఈ, నీట్ ముందుండగా ఈ కాలక్షేపమేమిటని తల్లిదండ్రులు సందేహించడం సహజం. ఉద్యోగం నిమిత్తం దేశం దాటివచ్చిన మనకు బిడ్డల భవిష్యత్తును గురించిన భయం నిరాధారమైనది కాదు. కాని ఇతరులు ఇచ్చిన ప్రశ్నలకు మాత్రమే జవాబు రాయడం నేర్చిన విద్యార్థి, ఎవరూ ప్రశ్న ఇవ్వని చోట నిలిచిపోతాడు. వారానికి ఒక్క గంట వాడి సొంత ప్రశ్నకు వదలండి. వదలడమంటే విడిచిపెట్టడం కాదు. పక్కన కూర్చోండి, కావలసిన వస్తువులు సమకూర్చండి, "నీకెలా తెలిసింది?" అని అడగండి. చేయి మాత్రం పెట్టకండి.

సమితి పెద్దలకు ఒక విన్నపం. ఏటా ఉత్సవాలలో మన బిడ్డల నృత్యగానాలకు వేదిక కల్పిస్తున్నారు. వచ్చే సంక్రాంతికి ముగ్గుల పోటీతో పాటు, ఒక బల్లపై విద్యార్థుల ప్రశ్నలకూ చోటు ఇవ్వండి. కుదిరిన ముగ్గు పక్కన కుదరని ముగ్గునూ, తేలిన రంగు పక్కన వెలిసిన గుడ్డనూ ఉంచనివ్వండి. బహుమతి అందానికి ఒకటి, ప్రశ్నకు ఒకటి ఉండాలి. అప్పుడు మన సంప్రదాయం పిల్లలకు పండుగనాడు ధరించి విప్పే దుస్తులా కాక, స్వయంగా పరీక్షించి తమదిగా చేసుకున్న జ్ఞానమై నిలుస్తుంది.