కీర్తిశేషులైన యొక కృషీవలుని స్మృతి



ఈ వత్సరము లింగైక్యులైన మన యెమ్మిగనూరు ప్రాంతపు వృద్ధకృషీవలుని గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శులు నన్నాదేశించిరి. పేరు అచ్చు వేయవలదని కుటుంబమువారు కోరిరి. ఆయన స్వభావమును అట్టిదే.

వారు తొంబది యేండ్లు దాటి జీవించిరి. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లానుండి విడివడి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమున చేరునప్పటికే మడక పట్టిరి. పిమ్మట తుంగభద్ర దిగువకాలువ మన సీమకు వచ్చినను, వారి నల్లరేగడి చేను ఎగువనుండుటచే తడి దక్కలేదు. వాననే నమ్మి జొన్నయు ప్రత్తియు పండించి, తమ్ముడు అకాలమరణము నొందగా రెండు సంసారముల నొక్క పొయ్యిమీద నడపిరి. ఇష్టలింగపూజ కానిదే గంజియైనను ముట్టరు. ఉగాదికి శ్రీశైలమునకు కాలినడకన పోవుట వారి వ్రతము.

ఒక క్షామవర్షమున ఆ యాత్ర మానిరి. దారిలో దాసోహమునకై కూడబెట్టిన సొమ్ము తమ్ముని కూతురి వివాహమునకు వెచ్చించిరి. నేనప్పుడు క్రొత్త యుపాధ్యాయుడను. నాలుగు సంస్కృతశ్లోకములు వచ్చునను గర్వముతో, వ్రతభంగము దోషమని వారి యరుగుమీదనే వాదించితిని. వారు ఎద్దులకు చొప్ప వేయుచు, "మల్లయ్యను అడిగినా, అయ్యవారూ. ముందు బిడ్డ పెండ్లి చేయమన్నాడు" అనిరి. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

మరుసటి యుగాదికి ఆ పిల్లయు అల్లుడును వారి వెంట నడచిరి. నేనును నడచితిని. నాగలూటి దాటిన పిమ్మట నా కాళ్లు బొబ్బలెక్కగా, భీమునికొలను మెట్లవరకు నా మూటను వారే మోసిరి. వెనుకటి మాట మరల నెత్తలేదు. నేను క్షమాపణ వేడవలసినది, వేడలేదు. వారి మనుమలున్న యీ సభలో నిప్పుడు వేడుచున్నాను.