యాభై ఏళ్ళకు ఆరో స్వర్ణం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. పరేడ్ గ్రౌండులో కేక వేయమంటే వేస్తాను. కార్యదర్శి గారు "సాబ్, ఆటల గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. క్రికెట్ గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకని నేను కొన్నేళ్ళు చేతబట్టిన కత్తి గురించి, ఆ కత్తి పట్టినవాళ్ళలో నేను అందరికంటే గొప్పవాడనుకునే ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన పేరు అలదార్ గెరెవిచ్. హంగరీ దేశస్థుడు. 1910లో పుట్టి 1991లో పోయారు.

పిల్లల కోసం ముందు కత్తి సంగతి. ఫెన్సింగ్‌లో మూడు రకాలు. ఫాయిల్, ఎపే పొడిచే కత్తులు. సేబర్‌తో పొడవనూ వచ్చు, నరకనూ వచ్చు. గుర్రపు దళం వాళ్ళ కత్తి నుంచి పుట్టింది ఇది. నడుముకు పైభాగంలో తల, మొండెం, చేతులు తగిలితేనే లెక్క. గుర్రానికి దెబ్బ తగలకూడదని అలా పెట్టారంటారు గానీ, అది కథో నిజమో మనకు అనవసరం. అరకిలోకు మించని కత్తి. కన్నుమూసి తెరిచేలోగా దెబ్బ పడిపోతుంది. ఇప్పుడు వైర్లు, లైట్లు ఉన్నాయి. ఒలింపిక్స్‌లో సేబర్‌కు అవి 1992లోనే వచ్చాయి. గెరెవిచ్ కాలంలో నలుగురు జడ్జీలు చుట్టూ నిలబడి, కంటితో చూసి, తగిలిందీ లేనిదీ చెప్పేవాళ్ళు.

హుస్సార్లనే గుర్రపు సైనికుల దేశం హంగరీ. 1908 నుంచి 1964 దాకా ఒలింపిక్స్ వ్యక్తిగత సేబర్ స్వర్ణం వాళ్ళదే, వాళ్ళను పిలవని 1920 ఒక్కటి తప్ప. అలాంటి దేశంలో జట్టులో చోటు దొరకడమే కష్టం. దొరికాక నిలబెట్టుకోవడం ఇంకా కష్టం.

ఇక ఆయన సర్వీసు రికార్డు వినండి. 1932 లాస్ ఏంజెలెస్, జట్టు స్వర్ణం, వయసు 22. 1936 బెర్లిన్, జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం. 1948 లండన్, రెండు స్వర్ణాలూ ఆయనవే. 1952 హెల్సింకి, జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం, పైగా ఫాయిల్ జట్టులో కాంస్యం. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్, మళ్ళీ జట్టు స్వర్ణాలు. ఆడిన ఆరు ఒలింపిక్స్‌లోనూ సేబర్ జట్టు స్వర్ణం. మొత్తం పది పతకాలు, అందులో ఏడు బంగారం. వ్యక్తిగత ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1935లో గెలిచారు, 1951లో గెలిచారు, 1955లో మళ్ళీ గెలిచారు. 1955 నాటికి ఆయనకు 45 ఏళ్ళు.

లాస్ ఏంజెలెస్, బెర్లిన్ అనగానే మన ఫౌజీలకు ఇంకో పేరు గుర్తుకు రావాలి. సిపాయిగా చేరి 1956లో మేజర్‌గా రిటైరైన ధ్యాన్‌చంద్ గారు ఆ రెండు ఒలింపిక్స్‌లోనూ హాకీ స్వర్ణాలు తెచ్చారు. 1940, 1944 ఒలింపిక్స్ యుద్ధం వల్ల జరగనే లేదు. ధ్యాన్‌చంద్ గారి ఒలింపిక్స్ అంతటితో అయిపోయాయి. గెరెవిచ్‌కు ఆ రెండేళ్ళూ 30, 34 ఏళ్ళు. ఆటగాడికి పండే వయసు. ఆ పంట మొత్తం పోయింది.

పంట పోవడం ఆయనకు. తోటివాళ్ళకు ప్రాణాలే పోయాయి. 1932 జట్టులో ఆయన పక్కన ఆడిన అట్టిలా పెట్షవర్ యూదుడు. యూదుడన్న ఒక్క కారణంతో నిర్బంధ కార్మిక దళంలో వేసి తూర్పు రంగానికి పంపారు. 1943లో అక్కడే చనిపోయాడు. అదే జట్టులోని ఎండ్రె కాబోష్ కూడా యూదుడే. 1936లో వ్యక్తిగత స్వర్ణం తెచ్చినవాడు. 1944 నవంబరులో బుడాపెస్ట్‌లో మార్గరెట్ వంతెన పేలిపోయినప్పుడు పోయాడు. దేశానికి స్వర్ణం తెచ్చినవాడికి కూడా ఆ దేశంలో రక్షణ లేకపోయింది. యూనిఫాం వేసుకున్నవాళ్ళం, ఈ మాట మనసులో పెట్టుకోవాలి.

ఆ ఖాళీల మధ్య నుంచి వచ్చి 38 ఏళ్ళ వయసులో లండన్‌లో ఆయన వ్యక్తిగత స్వర్ణం గెలిచారు. 1956లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చిన మూడు వారాల్లోపే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారోనన్న బెంగతో ఆడటం ఎలా ఉంటుందో, ఫార్వర్డ్ పోస్టులో ఉత్తరం కోసం ఎదురుచూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అయినా గెలిచారు.

అసలు సంగతి రోమ్‌ది. 1960లో జట్టును ఎంచేవాళ్ళు "మీకు వయసైపోయింది" అన్నారట. "అయితే జట్టులోకి వచ్చేవాళ్ళందర్నీ రమ్మనండి" అని ఒక్కొక్కరితో ఆడి అందర్నీ ఓడించారని చెప్పుకుంటారు. చోటు ఇవ్వక తప్పలేదు. ఫైనల్లో పోలెండ్ మీద 9–7 తేడాతో గెలిచారు. ఆయనకు 50, జట్టులోనే ఉన్న పాల్ కోవాచ్‌కు 48. అదే రోమ్‌లో మన హాకీ జట్టు పాకిస్తాన్ చేతిలో ఒక్క గోలుతో ఓడి, 1928 నుంచి వస్తున్న స్వర్ణాన్ని పోగొట్టుకుంది.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పాలి. నాకు 43 ఏళ్ళప్పుడు సేబర్ జట్టు సెలక్షన్ పెట్టారు. నేను కిట్ వేసుకుని వెళ్ళాను. "సాబ్, మీరు ఇక కుర్రాళ్ళకు నేర్పించండి, చాలు" అన్నారు. మర్యాదగానే అన్నారు. నేను "ఠీక్ హై సాబ్" అని మాస్కు సంచిలో పెట్టేసి వచ్చేశాను. ఆడితే గెలిచేవాణ్ణని అనను. బహుశా ఓడిపోయేవాణ్ణే. కానీ ఒక్క బౌట్ ఆడతానని అడగలేదు చూడండి, అది నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. గెరెవిచ్ కథ నాకు అప్పటికే తెలుసు. తెలిసీ అడగలేదు.

యాభై ఏళ్ళవాడు ఇరవై అయిదేళ్ళవాణ్ణి ఎలా కొడతాడని తమ్ముళ్ళు అడుగుతారు. పీటీ ఉస్తాద్‌గా నాకు తెలిసింది చెబుతాను. వయసు ముందు కాళ్ళను తింటుంది. ముందుకు దూకే వేగం తగ్గుతుంది, దూకితే వెనక్కి రావడం ఆలస్యమవుతుంది. కానీ సేబర్‌లో ఒక నియమం ఉంది. ఎవరు ముందు దాడి మొదలుపెడితే హక్కు వాళ్ళది. రెండోవాడు ముందు ఆ దెబ్బను అడ్డుకోవాలి, అప్పుడే హక్కు వాడికి మారుతుంది. పాతకాపు ఏం చేస్తాడంటే, కావాలని అందేంత దూరంలో నిలబడి ఆశ పెడతాడు. కుర్రాడు దూకుతాడు. ఇతను అరడుగు వెనక్కి వేసి, కత్తికి కత్తి అడ్డం పెట్టి, తిప్పి కొడతాడు. దీనికి కావలసింది కాలి బలం కాదు, దూరం కొలిచే కన్ను, కంగారు పడని చెయ్యి. ఆ రెండూ సాధన మానితేనే పోతాయి. మన రేంజిలో పాత హవల్దార్లు ఎలా గురి కొట్టేవారో గుర్తుందా, ఇదీ అంతే.

ఆయన ఇల్లే ఒక అఖాడా. భార్య ఎర్నా బోగెన్ 1932లోనే ఫాయిల్‌లో కాంస్యం గెలిచారు. మామగారు ఆల్బర్ట్ బోగెన్ 1912లో ఆస్ట్రియా సేబర్ జట్టుతో రజతం తెచ్చారు. కొడుకు పాల్ 1972, 1980లో జట్టు కాంస్యాలు తెచ్చాడు. ఆ ఇంట్లో వంటింటి కత్తి ఎవరు పట్టేవారో మరి!

మన దేశానికి ఈ ఆట కొత్త. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారత ఫెన్సర్ మన సి.ఎ. భవానీదేవి, ఆమెదీ సేబరే. చెన్నై అమ్మాయి. సి అంటే చదలవాడ, ఇంటిపేరు వినగానే మనకు తెలిసిపోతుంది. ఆమె టికెట్టు ఖాయమైంది 2021 మార్చిలో, గెరెవిచ్ దేశంలోని బుడాపెస్ట్‌లో జరిగిన ప్రపంచ కప్ సమయంలోనే. టోక్యోలో మొదటి బౌట్ 15–3 తో గెలిచి, రెండోది ఫ్రాన్స్ అమ్మాయి మనోన్ బ్రూనే చేతిలో 7–15 తో ఓడింది. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది, అదీ క్వార్టర్ ఫైనల్లో ప్రపంచ ఛాంపియన్, జపాన్ అమ్మాయి ఎమురాను ఓడించి.

పది నిమిషాలు దాటినట్టుంది, అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. రెండు సేబర్లు, రెండు మాస్కులు, జాకెట్లు అడిగి తెచ్చాను. భోజనాలయ్యాక బయట వేపచెట్టు కింద పిల్లలకు పట్టి చూపిస్తాను. మాస్కు లేకుండా ఎవరూ కత్తి ముట్టుకోవద్దు. రిటైరైన అన్నలు ఎవరైనా నాతో అయిదు పాయింట్ల బౌట్ ఆడతానంటే రండి, నేను సిద్ధం. జై హింద్.